చేపల మేతలో సముద్రపు నాచు ఎంత కలపాలి?

ప్రశ్న: తిలాపియాకు మేత మేమే తయారు చేసుకుంటాం. చేపపొడి మానేసి సముద్రపు నాచు వాడొచ్చా? పచ్చి నాచు రుబ్బి కలిపితే గుళికలకు బూజు పట్టింది.

జవాబు: చేపపొడి మానేయకండి. ఎండిన ఉల్వా లాంటి ఆకుపచ్చ నాచులో మాంసకృత్తులు సాధారణంగా 10 నుంచి 25 శాతమే. మంచి చేపపొడిలో 60 దాటుతాయి. ఆ లోటు నాచుతో పూడదు. తౌడులో కొంత తగ్గించి, 100 కిలోల మేతకు 5 కిలోల నాచుపొడితో మొదలుపెట్టండి. తిలాపియాకైనా 10 కిలోలు దాటించొద్దు. అంతకు మించితే పీచు, జిగురు పదార్థాలు సరిగా అరగక ఎదుగుదల మందగిస్తుంది.

బూజుకు కారణం తేమ. పచ్చి నాచులో 80-90 శాతం నీరే. కోసిన వెంటనే మంచినీటిలో రెండు మూడుసార్లు జాడించి ఉప్పు, ఇసుక, చిన్న గవ్వలు పోగొట్టండి. ఇసుక మిగిలితే ముందు అరిగేది మీ గుళికల యంత్రమే! వలల మీద పలచగా ఆరబెట్టండి. చేత్తో నలిపితే పెళపెళ విరగాలి, సాగితే ఇంకా ఆరలేదన్నమాట. తర్వాత పొడిచేసి సన్న జల్లెడ పట్టండి. తయారైన గుళికల్లోనూ తేమ 10 శాతం లోపే ఉండాలి.

సర్గాసమ్ లాంటి గోధుమరంగు నాచులోని ఆల్జినేట్ అనే జిగురు పదార్థం వల్ల గుళికలు నీటిలో త్వరగా విడిపోవు. అయితే ఆ నాచులో ఆర్సెనిక్ అనే విషపదార్థం పేరుకుంటుంది కాబట్టి ల్యాబ్ పరీక్ష చేయించకుండా వాడొద్దు. మురుగు కలిసేచోట పెరిగిన నాచు ఏ రంగుదైనా పనికిరాదు.