మాక్యులా జబ్బుకు లూటీన్ మాత్రలు, పూల రసం పనిచేస్తాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం వరకు బీడీలు తాగేవారు. చూపు మసకబారుతోందని చూపిస్తే, రెండు కళ్లలోనూ డ్రై ఏఎమ్‌డీ (వయసుతో కంటి వెనక తెర, అంటే రెటీనా మధ్యభాగమైన మాక్యులా దెబ్బతినే జబ్బు) మధ్య దశలో ఉందన్నారు. లూటీన్ మాత్రలు, పసుపు క్యాప్సూల్స్ వాడితే పూర్తిగా నయమవుతుందని బంధువులు అంటున్నారు. నందివర్ధనం పూల రసం కళ్లలో పిండమని కూడా చెబుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, పూల రసం మాత్రం దయచేసి వేయకండి. ఏ ఆకు రసమైనా, పూల రసమైనా దాంతోపాటు ఫంగస్, బ్యాక్టీరియా కంట్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. నల్లగుడ్డు మీద పుండు పడితే, అది మానినా తెల్లమచ్చ మిగిలిపోవచ్చు. మొక్కల నుంచి కంటి మందులు వచ్చిన మాట నిజమే. నీటికాసులకు వాడే పైలోకార్పిన్ దక్షిణ అమెరికాలోని జాబొరాండి ఆకుల నుంచి, కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్ బెల్లడోనా మొక్క నుంచి వచ్చాయి. కానీ ఆ చుక్కల మందును శుద్ధి చేసి, మోతాదు లెక్కగట్టి, క్రిములు లేకుండా సీసాలో నింపుతారు.

ఇక లూటీన్. మాక్యులాలో సహజంగా ఉండే పసుపు రంగు పదార్థాల్లో ఇదొకటి, రెండోది జియాజాంథిన్. మాత్రల్లోని లూటీన్‌ను ఎక్కువగా బంతిపూల నుంచే తీస్తారు. అమెరికాలో జరిగిన ఏరెడ్స్ అనే పరిశోధనలో, మధ్య దశలో ఉన్నవారు విటమిన్ సి, ఇ, జింక్, రాగి, బీటా కెరోటిన్ కలిపి వాడితే, ఐదేళ్లలో జబ్బు ముదిరే ముప్పు సుమారు 25 శాతం తగ్గింది. అంటే జబ్బు నెమ్మదించింది, అంతే. పోయిన చూపు తిరిగి రాలేదు. మీ నాన్నగారు ఉన్నది ఆ దశలోనే కాబట్టి ఈ మాత్రలు ఆయనకు పనికొస్తాయి.

అయితే పాత ఫార్ములాలోని బీటా కెరోటిన్ పొగతాగేవారిలో, మానేసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. 2013లో వచ్చిన ఏరెడ్స్-2 ఫలితాల తర్వాత దాని బదులు లూటీన్ 10 మి.గ్రా., జియాజాంథిన్ 2 మి.గ్రా. వేస్తున్నారు. మీ నాన్నగారు బీడీలు తాగినవారు కదా, డబ్బా మీద బీటా కెరోటిన్ అని ఉంటే కొననే వద్దు. ఏ బ్రాండ్ వాడాలో, ఎంత మోతాదో ఆయన కంటి డాక్టర్నే అడగండి.

పసుపు క్యాప్సూల్స్‌తో ఈ జబ్బు తగ్గుతుందని చెప్పే గట్టి రుజువు లేదు. పైగా పసుపులోని ముఖ్య పదార్థమైన కర్కుమిన్ రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. కూరలో పసుపు చాలు. పాలకూర, తోటకూర, మునగాకు పప్పులో వేసి తరచుగా పెట్టండి. కాస్త నూనె ఉంటేనే లూటీన్ ఒంటికి పడుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం, విటమిన్ ఇ మాత్రలు మొదలుపెట్టే ముందు, ఆకుకూరలు ఒక్కసారిగా పెంచే ముందు డాక్టర్‌కు చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, డాక్టర్ దగ్గర ఆమ్‌స్లర్ గ్రిడ్ అనే గళ్ల కాగితం తీసుకోండి. దాన్ని రోజూ చదివే కళ్లద్దాలతో, ఒక్కో కన్ను మూసి చూడమనండి. గీతలు వంకర్లుగా కనిపించినా, మధ్యలో నల్లమచ్చ వచ్చినా ఆలస్యం చేయకుండా రెటీనా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. అది వెట్ ఏఎమ్‌డీగా, అంటే రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకంగా, మారిన గుర్తు కావచ్చు. దానికి కంట్లో ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, త్వరగా మొదలుపెడితేనే చూపు ఎక్కువగా నిలుస్తుంది.