అమ్మాయి ఎంపీసీ, మనసేమో డిజైన్ మీద

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఇంజనీరింగ్ వద్దు, డిజైన్ చదువుతానంటోంది. ఎప్పుడో జర్మనీలో మూతపడిన బౌహౌస్ అనే స్కూలు గురించే రోజూ మాట్లాడుతోంది. బొమ్మలేసుకుని బతుకుతుందా అని టెన్షన్‌గా ఉంది. - ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఆ స్కూలు గురించి చెప్తానండీ, మీ టెన్షన్ సగం అక్కడే తగ్గొచ్చు. 1919లో వాల్టర్ గ్రోపియస్ వైమార్‌లో మొదలుపెట్టిన బౌహౌస్‌లో చేరినవాళ్లు ముందుగా కాగితం, చెక్క, లోహం లాంటివి చేత్తో పట్టి వాటి గుణం తెలుసుకోవాలి. తర్వాతే వడ్రంగమో, లోహపు పనో, నేతో. వర్క్‌షాపుల్లో కళాకారుడితో పాటు చెయ్యి తిరిగిన పనివాడూ నేర్పేవాడు. నాజీల ఒత్తిడితో 1933లో స్కూలు మూతపడినా, ఆ బోధన ఆగలేదు. అక్కడ చదివిన మాక్స్ బిల్ తర్వాత జర్మనీలోనే ఉల్మ్ అనే ఊళ్లో డిజైన్ స్కూలు స్థాపించినవాళ్లలో ఒకరు. 1961లో మొదలైన అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మీద ఈ రెండింటి ప్రభావం ఉంది.

ఆడపిల్ల తండ్రిగా మీకు ఇంకో సంగతి కూడా తెలియాలి. సమానత్వం అన్న ఆ స్కూలే అమ్మాయిల్లో ఎక్కువమందిని నేత విభాగానికి నెట్టింది. గుంటా స్టోల్జల్ ఆ విభాగానికే అధిపతి అయ్యారు. మారియన్నే బ్రాంట్ మాత్రం లోహపు వర్క్‌షాప్‌లో చేరి దీపాలు డిజైన్ చేశారు.

1928లో బౌహౌస్ డైరెక్టరైన హానెస్ మేయర్ విలాసం కాదు, జనం అవసరం ముఖ్యమన్నారు. ఆ స్కూలు వాల్‌పేపర్లు బాగా అమ్ముడుపోయాయి కూడా. కానీ అక్కడే చదివి, పాఠాలూ చెప్పిన మార్సెల్ బ్రాయర్ ఉక్కు గొట్టాలతో చేసిన కుర్చీ ఇప్పుడు డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూముల్లో ఉంటోంది. ఎందుకలా జరిగిందని మీ అమ్మాయినే అడగండి. ధర, తయారీ, వాడేవాళ్ల గురించి ఆలోచిస్తే ఆమెను ధైర్యంగా పంపొచ్చు. పోస్టర్లు బాగున్నాయని మాత్రమే అంటే, నా ఉద్దేశంలో తొందరపడొద్దు.

ఎంపీసీ మాత్రం మాన్పించకండి. బీడిజైన్‌కు, అంటే డిజైన్ డిగ్రీకి, ఏ గ్రూపైనా సరిపోతుంది గానీ, రేపు మనసు ఆర్కిటెక్చర్ వైపు మళ్లితే లెక్కలు, ఫిజిక్స్ కావాలి. ఎన్ఐడీ ప్రవేశ పరీక్ష డాట్, ఐఐటీల్లో డిజైన్ సీట్లకు పెట్టే పరీక్ష యూసీడ్, రెండూ రాయించండి. యూసీడ్ ర్యాంకుతో ఐఐటీ హైదరాబాద్‌కూ వెళ్లొచ్చు, ఎన్ఐడీ క్యాంపస్ మన పక్కనే ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. డాట్ రెండో దశ స్టూడియో టెస్ట్‌లో చేతిపని చేయిస్తారు కాబట్టి, ఇంట్లో అట్టముక్కలు, తీగలతో ఇప్పటినుంచే ఏదో ఒకటి చేయిస్తూ ఉండండి.