గ్రామసభలో మాట్లాడబోయే అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మూతపడ్డ మన ఊరి లైబ్రరీని షాపులకు ఇవ్వకుండా తిరిగి తెరిపించాలని గ్రామసభ కోసం నువ్వు రాసి పంపిన ప్రసంగం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ అది గ్రామసభలో మాట్లాడేది కాదు, వ్యాసరచన పోటీకి పంపేది. పుస్తకం హస్తభూషణమని మొదలుపెట్టి, అలెగ్జాండ్రియా గ్రంథాలయం దాకా తిరిగొచ్చి, ఆఖరి పేరాలో గానీ మన ఊరి లైబ్రరీ ఊసెత్తలేదు. అప్పటికి వెనక కుర్చీల్లో సగం ఖాళీ అవుతాయి.

ముందు ఒక పని చెయ్యి. సభ ముగిశాక మినిట్స్ పుస్తకంలో ఏ వాక్యం ఉండాలని నీ కోరిక? ఆ వాక్యం నువ్వే రాసుకో. "గ్రంథాలయ భవనాన్ని షాపులకు అద్దెకిచ్చే ప్రతిపాదన విరమించి, దాన్ని గ్రంథాలయానికే ఉంచాలని, తిరిగి తెరిపించమని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరాలని తీర్మానించడమైనది." పొడిగానే ఉంటుంది, ఉండనీ. ఈ వాక్యం వైపు నడవని మాట ఎంత అందంగా ఉన్నా కొట్టెయ్. ఆర్డర్‌లో జడ్జిగారు ఏం రాయాలో చెప్పకుండా గంటసేపు వాదించే ప్లీడర్లను నా ప్రాక్టీసులో చాలామందిని చూశాను. వాళ్ళ ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉండేది, కేసులు మాత్రం పోయేవి.

తర్వాత, ఎవరితో మాట్లాడుతున్నావో తేల్చుకో. నీ కాగితం చూస్తే సర్పంచ్ గారితో పోట్లాటకు వెళ్తున్నట్టుంది. తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభకు వెళ్ళినప్పుడు దుర్యోధనుణ్ణి ఒప్పించడం కష్టమని ఆయనకు తెలియదా? అందుకే మాట ధృతరాష్ట్రుడితో మొదలుపెడతాడు, నిర్ణయం చేయగలవాడు అతనే కాబట్టి. అక్కడ ఒక పద్యం ఉంది, "సారపు ధర్మమున్ విమల సత్యము" అని. అందులో అసలు దెబ్బ "దక్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అన్న చోట ఉంది. అన్యాయం చేసేవాణ్ణి తిట్టలేదు చూడు. ఆపగలిగీ ఊరుకున్నవాళ్ళకే చేటు అన్నాడు. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు అందరూ అక్కడే కూర్చుని ఉన్నారు. పేరు పెట్టి ఎవర్నీ అనలేదు, అందరికీ తగిలింది.

మన సభలోనూ తేల్చేది అటూ ఇటూ చెప్పకుండా కూర్చునేవాళ్ళే. వార్డు మెంబర్లు, డ్వాక్రా గ్రూపుల లీడర్లు, రిటైరైన మేష్టార్లు. నీ మాట వాళ్ళకు చెప్పు. (అలాగని సర్పంచ్ గారిని దుర్యోధనుణ్ణి చేసెయ్యకు. రేపు తీర్మానం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. గౌరవం తగ్గకుండా వెనక్కి తగ్గే దారి ఆయనకు నువ్వే చూపించాలి.)

ఆ ఉద్యోగపర్వం నుంచే ఇంకో సంగతి. ధర్మరాజు సంజయుడితో పంపిన కబురులో అయిదూళ్ళిచ్చినా చాలన్నాడు. అర్ధరాజ్యం కాదంటే కాదనడానికి వంద సాకులు దొరుకుతాయి. అయిదూళ్ళు కూడా కాదన్నవాణ్ణి లోకం ఏమనుకుంటుంది? నువ్వు కొత్త భవనం, ఏసీ రీడింగ్ రూము, కంప్యూటర్లు అన్నీ ఒకేసారి అడిగావు. ఇప్పటికి ఒక గది, రోజుకు కొన్ని గంటలు తెరిచి ఉంచడం అడుగు. మిగతావి తర్వాతి సభల్లో.

ఇక వాదన. ఎదుటివాళ్ళు ఇప్పటికే ఒప్పుకుంటున్న దాని నుంచి మొదలుపెట్టాలి. వీరేశలింగం గారు 1879లో రాజమండ్రిలో వితంతు వివాహాల మీద ఉపన్యాసమిచ్చినప్పుడు, శాస్త్రాలను పక్కన పెట్టండి అని ఉంటే పండితులు లేచి వెళ్ళిపోయేవారు. ఆయన శాస్త్ర ప్రమాణాలతోనే వాళ్ళకు జవాబు చెప్పాడు. అయినా పండితులు ఒప్పుకోలేదులే, వాదోపవాదాలు చాలా నడిచాయి. కానీ వాదం మాత్రం వాళ్ళు నమ్మే పుస్తకాల మీదే జరిగింది. 1881 డిసెంబర్ 11న మొదటి పెళ్ళి చేయించాడు. అంటే మాటల దగ్గరే ఆగిపోయే మనిషి కాదని ఊరికి తెలిసింది.

మన ఊళ్ళో అందరూ నమ్మే పుస్తకం ఇంటిపన్ను రసీదు. అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది, పన్ను రూపాయికి 8 పైసలు. పన్ను 1,500 అయితే దాని మీద లైబ్రరీకి 120 రూపాయలు. నువ్వు జ్ఞానం, వికాసం అని రెండు పేజీలు రాశావు గానీ దీన్ని మాత్రం ఒక్క లైనులో తేల్చేశావు. ఇదే నీ అసలు బలం. మీ నాన్న దగ్గర రసీదు అడిగి తీసుకెళ్ళు, చేత్తో పైకెత్తి చూపించు, అంకె చదువు, కాసేపు ఆగు. "కాబట్టి మనం మోసపోయాం" అని మాత్రం అనకు. ఆ మాట వాళ్ళ మనసులో వాళ్ళే అనుకోవాలి. నువ్వు చెబితే అది నీ అభిప్రాయం, వాళ్ళు అనుకుంటే వాళ్ళ అభిప్రాయం. అరిస్టాటిల్ కూడా వాదనలో అన్ని మెట్లూ మనమే ఎక్కించక్కర్లేదని, వినేవాళ్ళకు తెలిసింది వాళ్ళే కలుపుకుంటారని రాశాడు.

ఆయనే ఇంకో మాట అన్నాడు. చెప్పేవాడి నడవడి మీద కలిగే నమ్మకమే దాదాపు అన్నిటికన్నా బలమైన రుజువని, అది కూడా ప్రసంగంలోంచే పుట్టాలని. అందుకే అవతలివాళ్ళ మాట నువ్వే ముందు చెప్పు, బలంగా చెప్పు. "అద్దె వస్తే వీధి దీపాల బిల్లు కట్టుకోవచ్చు, నిజమే. అందరి చేతిలో ఫోన్లున్నాయి, అదీ నిజమే." తర్వాత నీ జవాబు చెప్పు. డీఎస్సీకి, గ్రూప్-2కి చదివే పిల్లలు ఇంట్లో చోటు లేక బస్సెక్కి మండలం దాకా పోతున్నారు. ఎంతమందో ఊహించి చెప్పకు, ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకో. పదకొండు మందే ఉంటే పదకొండే చెప్పు. "వందలాది విద్యార్థులు" అంటే ఎవరో ఒకరు లేచి లెక్క అడుగుతారు, ఆ తర్వాత నువ్వు చెప్పిన నిజాలు కూడా ఎవరూ వినరు. వీలైతే ఆ పిల్లల్లో ఒకరిని రెండు నిమిషాలు మాట్లాడనివ్వు. నీ కంటే వాళ్ళ మాటే బాగా ఎక్కుతుంది.

మైకు ముందు టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠతా పట్టు, మధ్యలోది చీటీ మీద నాలుగు ముక్కలు చాలు. కిష్కింధలో హనుమంతుడి మాట విని రాముడు ఏం మెచ్చుకున్నాడో గుర్తుందా? ఎక్కువ సాగదీయలేదు, అనుమానం మిగల్చలేదు, నెమ్మదిగానూ కాదు హడావిడిగానూ కాదు, గొంతు మధ్యస్థాయి దాటలేదు. అయిదు నిమిషాలు మించకు. ముఖ్యమైన మాట రెండుసార్లు చెప్పు, వినేవాళ్ళు వెనక్కి తిప్పి చదువుకోలేరు కదా.

తీర్మానం అయ్యాక అధికారులకు ఇచ్చే అర్జీ అలా కాదు. సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చే కాగితాన్ని అధికారి చూసేది కొన్ని క్షణాలే. విషయం అన్న చోటే నీ కోరిక అంతా ఉండాలి. ఒక పేజీ చాలు. మొదటి పేరాలో ఏం కావాలో, రెండో దాంట్లో ఎందుకో, చివర జతపరిచినవి ఏమిటో రాయి. "అత్యంత దారుణమైన నిర్లక్ష్యం" లాంటివి తీసెయ్, భవనం ఏ తేదీ నుంచి మూతపడి ఉందో రాయి, ఆ కోపం తేదీయే చెబుతుంది. ఒకే మాట రెండుసార్లు రాయకు. గ్రామసభ తీర్మానం నకలు, పిల్లల పేర్లు, రసీదు జిరాక్సు జతచెయ్. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఇంకో కాపీ ఇచ్చి, రెండు చోట్లా నీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. చాలామంది అదొక్కటే మర్చిపోతారు.

ప్రసంగం మళ్ళీ రాసి, ఆదివారం ఫోన్‌లో వినిపించు. మీ అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో, తనకు ఎక్కడ విసుగొస్తుందో అక్కడ కత్తిరిద్దాం.

ఇట్లు,
పెద్దమ్మ