పీఈటీ పీరియడ్ తీసేస్తే పిల్లల ఒంటిని చూసేదెవరు?

ప్రభుత్వ బడుల్లో ఆటల పీరియడ్ దండగ, ఆ గంట కూడా లెక్కలో ఇంగ్లీషో చెప్పిస్తే పేద పిల్లలు బాగుపడతారు కదా అని అడిగారు. బాగుపడరండీ. నేను జడ్పీ హైస్కూల్లో చదువుకున్నదాన్ని, ఇప్పుడు ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అటూ ఇటూ చూసినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మిగతా టీచర్లకి పిల్లల నోటుబుక్కులు తెలుస్తాయి, మార్కులు తెలుస్తాయి. ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరు కాలు ఈడుస్తున్నారు, ఎవరికి ఎదురొచ్చే బంతి కనబడట్లేదు అన్నది పరిగెత్తిస్తేనే బయటపడుతుంది. అలా పరిగెత్తించే మనిషి బడి మొత్తానికీ పీఈటీ, అంటే వ్యాయామం నేర్పే టీచర్, ఒక్కరే.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మండలం ఆటల కోసం మా పీఈటీ మేడం ఖోఖో టీము తయారుచేస్తున్నారు. సాయంత్రం బడి వదిలాక ముగ్గుపిండితో కోర్టు గీసి, చున్నీలు నడుముకి బిగించి కట్టించి మరీ ఆడించేవారు. టీములో మా పక్కింటి పిల్ల మంచి రన్నర్. పోల్ దగ్గర మెలి తిరిగిందంటే ఇక ఎవరికీ దొరికేది కాదు. అలాంటిది ఆ సాయంత్రం నాలుగడుగులు వేసి పోల్ పట్టుకుని నిలబడిపోయింది. మేమంతా "పరిగెత్తవే" అని ఒకటే అరుపులు. మేడం విజిల్ వేసి ఆట ఆపేశారు. దాన్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి కింది కనురెప్ప వేలితో కిందికి లాగి చూశారు. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. నాలుక చూశారు, గోళ్లు చూశారు. "మట్టి గానీ తింటున్నావా?" అని మెల్లగా అడిగేసరికి అది ఏడుపందుకుంది. దొంగచాటుగా బలపాలు తింటోందట. నెలసరి వస్తే వారం దాటినా ఆగట్లేదట. వాళ్లమ్మకి చెబితే "ఆడపిల్లన్నాక మామూలేలే, గమ్మునుండు" అందట.

మర్నాడు మేడం వాళ్లమ్మని వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. హిమోగ్లోబిన్ 7 కూడా లేదు. ఆ వయసు ఆడపిల్లకి 12 ఉండాలి. 8 కంటే దిగితే దాన్ని తీవ్రమైన రక్తహీనత అంటాం. అంతకుముందు క్లాసులో ఎప్పుడూ ఆవులిస్తుందని, మొద్దు అని దాన్ని బెంచీ ఎక్కించేవారు. ఒంట్లో రక్తం లేని పిల్లకి ఇంకో గంట లెక్కలు చెబితే ఎక్కుతాయా చెప్పండి.

ఇది ఎక్కడో ఒక పిల్ల కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నూటికి దాదాపు అరవై మంది! అందుకే బడుల్లో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. ఆ మాత్రల సంగతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నే టిఫిన్ కూడా తినని పిల్లలకి చేతిలో పెట్టేస్తే కడుపులో తిప్పుతుంది. మర్నాడు దొడ్డికి నల్లగా వస్తే హడలిపోతారు. అది మామూలేనని ముందుగా చెప్పేవాళ్లుండరు. ఇక ఆ మాత్రలు కిటికీలోంచి కాలవలోకే. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎదురుగా నిలబడి మింగించాలి. దాని మీద టీ తాగొద్దని, నిమ్మకాయ నీళ్లు తాగితే ఇంకా మంచిదని చెప్పాలి. ఫిబ్రవరి 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా అంతే. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకి పాదాల్లోంచి ఎక్కే కొంకిపురుగు రక్తం తాగేస్తుంది. ఇవన్నీ పిల్లల బుర్రకెక్కేలా చెప్పడానికి మైదానం కంటే మంచి చోటు లేదు.

బళ్లకి డాక్టర్ల టీము వస్తుంది కదా అంటారేమో. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం) కింద వస్తున్నారు, మంచి పనే. కానీ బడికి వాళ్లొచ్చేది ఏడాదికోసారి. ఆ రోజు బడికి రాని పిల్ల సంగతేంటి? మా మేడం రోజూ కనిపెట్టి చూసేవారు కాబట్టే, నిన్నటిదాకా ఉరికిన పిల్ల ఇవాళ ఎందుకు ఆగిందో పట్టుకోగలిగారు.

చట్టం కూడా ఇది అక్కర్లేదనలేదు. 2009 విద్యాహక్కు చట్టంలో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే ఆరోగ్యం, వ్యాయామం నేర్పడానికి కనీసం పార్ట్‌టైమ్ మనిషైనా ఉండాలని రాసి ఉంది. జరిగేది వేరు. మైదానంలో సగం కొత్త గదులు లేస్తాయి, మిగతా సగంలో ఊళ్లో పెళ్లిళ్ల షామియానాలు. సంక్రాంతి దాటిందంటే పదో తరగతికి ఆటలు బంద్. పీఈటీ చేత ప్రేయర్లో లైన్లు సరిచేయించడం, పరీక్షలకి నంబర్లు వేయించడం, యాప్‌లో ఫొటోలు ఎక్కించడం. కొన్న బంతులేమో ఆఫీసు బీరువాలో తాళం కింద ఉంటాయి.

ఆటలు కావాలని ఎవరైనా అంటే చాలు, వెంటనే కరణం మల్లీశ్వరి పేరో జ్యోతి యర్రాజీ పేరో ఎత్తుతారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ పతకాలొస్తాయి కాబట్టి ఆటలుండాలి అనే వాదన నాకు నచ్చదు. పతకం లక్షల్లో ఒకరికొస్తుంది. ఆయాసం లేకుండా బడి మెట్లెక్కడం ప్రతి పిల్లకీ కావాలి.

నన్నడిగితే ఆడపిల్లలున్న ప్రతి హైస్కూల్లో ఒక మహిళా పీఈటీ తప్పకుండా ఉండాలి. మగ మాస్టర్లు చెడ్డవాళ్లని కాదు, ఎందరో బాగా చూసుకుంటారు. కానీ వారం దాటినా రక్తం ఆగట్లేదని పదమూడేళ్ల పిల్ల మాస్టారికి చెప్పుకోలేదు. కడుపునొప్పి అని చెప్పి ఇంటికెళ్లిపోతుంది, ఆయనా సరే పొమ్మంటారు.