పెద్ద విమానం వెనక రెండు నిమిషాలు

ప్రశ్న: ఈ మధ్య విశాఖపట్నం నుంచి జయపురానికి తొమ్మిది సీట్ల విమానంలో మొదటిసారి ప్రయాణించాను. మా ముందు పెద్ద జెట్ ఒకటి లేచింది. రన్‌వే ఖాళీ అయినా మా పైలట్ ఇంజను ఆపకుండానే విమానాన్ని కాసేపు నిలిపి ఉంచారు. తరువాత కొండల మీదికి వచ్చాక కుదుపులు మొదలయ్యాయి. ఈ రెండింటికీ ఆ జెట్ రేపిన గాలే కారణమని మా మేనల్లుడు అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నిలిపి ఉంచడం వరకు మీ మేనల్లుడి మాట సరైనదే, కుదుపుల నింద మాత్రం జెట్ మీద వేయనక్కరలేదు.

ఈ గాలి ఇంజను నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు గాని, దాన్ని పుట్టించేది రెక్క. రెక్క కింద ఒత్తిడి ఎక్కువగా, పైన తక్కువగా ఉండడం వల్ల కింది గాలి రెక్క కొస దగ్గర పైకి మళ్లి సుడి తిరుగుతుంది. నాగావళి నిండుగా పారేటప్పుడు వంతెన స్తంభం దాటిన నీళ్లలో సుడులు కొంత దూరం అలాగే సాగిపోవడం మీరు చూసే ఉంటారు. ఈ పోలిక పూర్తిగా కుదరదు, ఎందుకంటే స్తంభం దగ్గరి సుడులు ఒకదాని తరువాత ఒకటి విడిపోతాయి. విమానం వెనక మాత్రం రెండు కొసల నుంచి రెండు సుడులు, ఎదురెదురుగా తిరుగుతూ, పేనిన తాళ్లలా తెగకుండా సాగుతాయి. విమానం ఎంత బరువుగా, ఎంత నెమ్మదిగా పోతే అవి అంత బలంగా ఉంటాయి. నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున కిందికి దిగుతూ, గాలి కదలని రోజున మరింత సేపు నిలుస్తాయి.

అంతర్జాతీయ నియమాల ప్రకారం 7,000 కిలోల లోపు విమానాలు తేలిక తరగతి. మీరెక్కిన తరహా విమానం బరువు నాలుగు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. ముందు లేచినది బహుశా డెబ్బై టన్నులు దాటినది. అలాంటి దాని వెనక తేలిక విమానం లేవడానికి రెండు నిమిషాలు, రన్‌వే మధ్య నుంచి లేచేటట్లయితే మూడు నిమిషాలు ఎడం ఉండాలి. మీ పైలట్ చేసినది ఆలస్యం కాదు.

ఆకాశంలో ఎత్తున కూడా ఈ సుడి ప్రమాదకరమే. 2017 జనవరి 7న అరేబియా సముద్రం మీద ఏ380 అనే భారీ ప్రయాణికుల విమానం ఒకటి, ఎదురుగా వస్తున్న చిన్న బిజినెస్ జెట్‌కు వెయ్యి అడుగుల పైనుంచి దాటిపోయింది. నిమిషం తిరగకుండానే ఆ జెట్ పల్టీలు కొడుతూ దాదాపు 9,000 అడుగులు జారింది. లోపలివారికి గాయాలయ్యాయి, పైలట్లు దాన్ని మస్కట్‌లో దించగలిగారు గాని, ఆ విమానం మళ్లీ పనికిరాలేదు.

ఆ సంఘటనలోనే మీ కుదుపులకు జవాబు ఉంది. సుడిలో చిక్కిన విమానం చటుక్కున ఒక పక్కకు ఒరుగుతుంది, కొన్ని క్షణాల్లో బయటపడుతుంది. మీది గతుకుల రోడ్డు మీద బస్సులా పైకీ కిందికీ, చాలాసేపు ఎగిరిందంటే, అది తూర్పు కనుమల గాలి: ఎండకు వేడెక్కిన వాలుల నుంచి లేచేది కొంత, శిఖరాల మీదుగా దొర్లి వచ్చేది కొంత. మీరు అక్కడికి చేరేసరికి జెట్ సుడి ఎప్పుడో చెదిరిపోయి ఉంటుంది. వీలైతే ఉదయం సర్వీసు ఎంచుకోండి; ఎండ ముదరక ముందు ఆ కొండల మీద గాలి చాలావరకు నిలకడగా ఉంటుంది.