‘నేను’ గురించి నాలుగు మాటలు

చిరంజీవి తమ్ముడికి,

నీ కథా, దానితో పాటు పంపిన వ్యాసం అందాయి. రెండూ రెండేసి సార్లు చదివాను. కథ మూడో పేజీలో ఒకచోట ఆగిపోయాను. ‘హెడ్‌మాస్టారికి ఈగో ఎక్కువ’ అని రాసి, నీ దారిన నువ్వు ముందుకు వెళ్ళిపోయావు. ఏ ఈగో అది? ఆయన గొప్పలు చెప్పుకుంటాడా? తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకుంటాడా? పొరపాటు తనదేనని తెలిసినా పంతానికి పోతాడా? తన పని జరిగితే చాలు, మిగతావాళ్ళు ఏమైపోతేనేం అనుకుంటాడా? మన వాడుకలో ఈగో ఈ నాలుగింటికీ చాకిరీ చేస్తోంది. కబుర్లలో పరవాలేదు, వినేవాడికి ఆ మనిషి తెలిసే ఉంటాడు. కథ చదివేవాడికి నువ్వు చెప్పిందే తెలుస్తుంది.

లాటిన్‌లో ఈగో అంటే వట్టి ‘నేను’. అందులో గర్వమూ లేదు, పొగరూ లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ కూడా జర్మన్‌లో రోజూ నోట్లో నానే ‘నేను’నే వాడుకున్నాడు. ఇంగ్లీషు చేసినవాళ్ళు అక్కడ లాటిన్ మాట పెట్టేసరికి దానికి శాస్త్రం కళ వచ్చింది. అక్కణ్ణుంచి జారి జారి మన దగ్గరికి ‘ఈగో హర్ట్ అయింది’గా చేరింది.

ఇంగ్లీషులో దీనికి ఇద్దరు వారసులున్నారు: ఈగోయిజం, ఈగోటిజం. వినడానికి ఒక్క టకారమే తేడా. ఈగోయిజం స్వార్థం. నోరు మెదపకుండా, ఎంతో వినయంగా కనబడుతూ కూడా ఆ పని కానివ్వొచ్చు. ఈగోటిజం అలా కాదు, అది మాటలో బయటపడాల్సిందే. మన పాతవాళ్ళు స్వోత్కర్ష అన్నది దాన్నే. సొంత డబ్బా అని మనం అంటున్నదీ దాన్నే. ఇంగ్లీషువాళ్ళే ఇప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. రాసేవాడు కలపకూడదని నా పట్టు.

నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇది. ఈగోటిజం మొదట మనుషుల్ని తిట్టడానికి పుట్టిన మాట కాదు, రాతలో ఒక దోషానికి పేరు. 1714 జూలైలో లండన్ పత్రిక స్పెక్టేటర్‌లో ఇంగ్లీషు వ్యాసకర్త జోసెఫ్ అడిసన్ దీని గురించి రాశాడు. ఫ్రాన్స్‌లో పోర్ట్ రాయల్ అనే మఠం చుట్టూ చేరిన పండితులు తమ పుస్తకాల్లోంచి ఉత్తమ పురుషను పూర్తిగా వెళ్ళగొట్టారట. ‘నేను, నేను’ అని రాయడం ఆత్మస్తుతి కిందికి వస్తుందని, దానికి ఈగోటిజం అని ముద్ర వేసింది వాళ్ళేనని ఆయన చెబుతాడు. అదే వ్యాసంలో లోకంలోకెల్లా పెద్ద ఈగోటిస్టు ఫ్రెంచి వ్యాసకర్త మోంటేన్ అని తేల్చేశాడు. మోంటేన్ పోయింది 1592లో. తన గురించీ, తన జబ్బుల గురించీ, తన అలవాట్ల గురించీ పేజీలు పేజీలు రాసుకున్న ఆ మనిషిని జనం ఇప్పటికీ చదువుతున్నారు. కాబట్టి దోషం ‘నేను’ల లెక్కలో లేదు.

చిన్నప్పుడు నాకిది తెలియలేదు. నా తొలి వ్యాసాల్లో ఒకదాంట్లో ‘నేను’ ఒక్కటి కూడా లేకుండా ఏరిపారేసి, ప్రతిచోటా ‘ఈ రచయిత’ అని పెట్టాను. వినయం ఒలికిపోతోందనుకున్నాను. సంపాదకుడు ప్రతి ‘ఈ రచయిత’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, ‘ఈయన ఎవరండీ, వాక్యానికోసారి తలుపు కొడుతున్నాడు?’ అని రాసి తిప్పి పంపాడు. రెండ్రోజులు ఆయన మీద మండిపడ్డాను. తర్వాత ఆ సున్నాలు లెక్కపెట్టుకున్నాను. పదిహేడు!

తెలుగులో ఇంకో తిరకాసు ఉంది. ఇంగ్లీషు వాక్యానికి ‘నేను’ లేకపోతే నడక రాదు. మనకి ‘వచ్చాను’ అంటే చాలు, చివరి ‘ను’లోనే మనిషి ఉన్నాడు. అందుకే అవసరం లేని చోట ‘నేను’ పెడితే అది గుండెల మీద చెయ్యి వేసుకుని పలికినట్టు వినిపిస్తుంది. ‘చెప్పాను’కీ, ‘నేను చెప్పాను’కీ తేడా పైకి చదివి చూడు. రెండోది తగువులో పలికే మాట. తగువు ఉన్నప్పుడు పెట్టు, తప్పు ఒప్పుకునేటప్పుడు తప్పకుండా పెట్టు. మిగతా చోట్ల క్రియ చూసుకుంటుంది.

ఇప్పుడు మీ నాన్నగారి మీద నువ్వు రాసిన వ్యాసం. అందులో ఈ వాక్యం చూడు: ‘ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు నాలోని రచయిత ఆ వేదనను ఎంత లోతుగా అనుభవిస్తున్నాడో గమనించాను.’ ‘నేను’ ఎక్కడా లేదు. అయినా నాన్న మంచం మీద ఉండగా నువ్వు అద్దంలో చూసుకుంటున్నావు. కఠినంగా ఉంటే క్షమించు, కానీ ఈగోటిజం అంటే ఇదే. ఆ కిందే ఇంకోటి రాశావు: ‘దుప్పటి కాళ్ళ మీదికి లాగాను. తన్నేశాడు. మళ్ళీ లాగాను. నాలుగోసారికి వదిలేసి, ఆ పాదాలు పట్టుకుని కూర్చున్నాను.’ ఇందులో మూడు ‘ను’లున్నాయి. నాకు కనబడింది మీ నాన్న పాదాలే. మొదటిది కొట్టెయ్, దీన్ని కదపకు.

హెడ్‌మాస్టారి దగ్గరికి వస్తే, ఐదో పేజీలో నువ్వే అతణ్ణి పట్టుకున్నావు. పక్కనే ఖాళీ కుర్చీ ఉన్నా, అటెండరు వచ్చి దాన్ని జానెడు జరిపేదాకా ఆయన నిలబడే ఉంటాడు. జరిపాక కూర్చుని, మళ్ళీ తనే దాన్ని పాత చోటికి లాక్కుంటాడు. అది చదివి గట్టిగా నవ్వాను. మూడో పేజీలో ఆ ‘ఈగో ఎక్కువ’ తీసేసి, కుర్చీని అక్కడికి తెచ్చి చూడు. అటెండరు అప్పుడు ఏమనుకున్నాడో నువ్వు రాయలేదు. అతనికీ ఒక వాక్యం ఇవ్వగలవేమో ఆలోచించు. తిరగరాశాక పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న