ఈఎన్24టి షాఫ్టు: కీవే కొట్టగానే వంగుతోందేం?

ప్రశ్న: ఈఎన్24టి (నికెల్, క్రోమియం కలిసిన మిశ్రమ ఉక్కు) కడ్డీతో 50 మి.మీ. వ్యాసం, 600 మి.మీ. పొడవుతో షాఫ్టు చేశాం. టర్నింగ్ అయ్యాక డయల్ గేజ్‌లో తేడా లేదు. కీవే (కీ కూర్చునే గాడి) మిల్లింగ్ చేశాక చూస్తే 0.15 మి.మీ. రనౌట్ (తిప్పితే ఊగడం) వస్తోంది. మెటీరియల్ నాసిరకమా? (బాలానగర్, హైదరాబాద్)

జవాబు: మెటీరియల్‌ను అనుమానించే ముందు, పని చేసిన వరుస చూసుకోండి. ఈఎన్24లో కార్బన్ సుమారు 0.4 శాతం, నికెల్ 1.5, క్రోమియం 1.2 శాతం, కొద్దిగా మాలిబ్డినం ఉంటాయి. 'టి' కండిషన్ అంటే 820–850 డిగ్రీల దగ్గర వేడిచేసి నూనెలో ముంచి, టెంపరింగ్‌తో (మళ్లీ కొంత వేడిచేసి పెళుసుదనం తగ్గించడంతో) 850–1000 మెగాపాస్కల్ బలానికి తెచ్చిన సరుకు. కాఠిన్యం 248–302 బ్రినెల్. ముంచినప్పుడు వంగిన కడ్డీలను చల్లగా ఉన్నప్పుడే తిన్నగా చేస్తే, ఆ ఒత్తిడి లోపలే ఉండిపోతుంది. చుట్టూ సమానంగా తీసినంతసేపూ అది బయటపడదు. ఒక పక్కనే గాడి పడగానే సమతూకం తప్పి షాఫ్టు వంగుతుంది.

అందుకే ముందు వ్యాసం మీద 2 మి.మీ. మిగిల్చి రఫ్ టర్నింగ్ చేయండి. కీవేని కూడా అప్పుడే, పక్కలకు 0.5 మి.మీ. చొప్పున వదిలి రఫ్‌గా కొట్టండి. ఆ తర్వాత స్ట్రెస్ రిలీవింగ్, అంటే వేడిచేసి లోపలి ఒత్తిడి తగ్గించడం. ఉష్ణోగ్రత ఎంతన్నది మిల్ సర్టిఫికెట్‌లోని (సరుకుతో తయారీదారు ఇచ్చే పత్రంలోని) టెంపరింగ్ ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. దానికంటే 30–50 డిగ్రీలు తక్కువ పెట్టి, ప్రతి 25 మి.మీ. మందానికి గంట చొప్పున ఉంచి, కొలిమిలోనే నెమ్మదిగా చల్లారనివ్వాలి. టెంపరింగ్ ఉష్ణోగ్రత దాటితే కాఠిన్యం పడిపోతుంది, కొన్న బలం పోతుంది. 200–300 డిగ్రీలతో సరిపెడితే ఒత్తిడి పెద్దగా తగ్గదు. చివరగా సెంటర్లు మళ్లీ సరిచేసి ఫినిష్ చేయండి. ఇప్పటికే ఫినిష్ అయిన షాఫ్టును ప్రెస్సులో నొక్కి సరిచేస్తే, కొన్నాళ్లు నడిచాక మళ్లీ వంగే ప్రమాదం ఉంది. ఆ దారి వద్దు.

ప్రశ్న: ఇదే ఉక్కు ప్లేట్‌ను గ్యాస్‌తో కోసి, అంచుకు దగ్గరగా ఎం12 ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) వేస్తుంటే ట్యాపులు విరుగుతున్నాయి. డ్రిల్లు మొన కూడా కాలిపోతోంది. (విజయవాడ)

జవాబు: ఇక్కడ రెండు తప్పులు కలిశాయి. గ్యాస్ కటింగ్‌లో అంచు ఎర్రగా కాలుతుంది. పక్కనున్న చల్లటి లోహం ఆ వేడిని వెంటనే లాగేస్తుంది. అంటే నూనె లేకుండానే అక్కడ మళ్లీ క్వెంచింగ్ (ఒక్కసారిగా చల్లారి గట్టిపడటం) జరిగిపోతుంది, కాఠిన్యం 50 రాక్‌వెల్ సి దాటొచ్చు. అంచు మీద ఆకురాయి పెట్టి చూడండి. గీత పడకుండా జారిపోతే అదే కారణం. బ్యాండ్‌సాతో కోయడం మేలు. గ్యాస్ తప్పనిసరైతే కనీసం 5 మి.మీ. ఎక్కువ ఉంచి కోసి, ఆ పొరను గ్రైండింగ్‌తో తీసేశాకే రంధ్రాలు వేయండి.

రెండోది రంధ్రం సైజు. ఎం12కు మామూలుగా వేసే 10.2 మి.మీ. బదులు 10.4 వేస్తే మర దాదాపు 70 శాతం లోతు వస్తుంది, బలానికి అది చాలు. ట్యాప్ మీద భారం బాగా తగ్గుతుంది. 10.44 మాత్రం దాటకూడదు. కాబట్టి డ్రిల్లు రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే రంధ్రం పెద్దదైపోతుంది. కోబాల్ట్ హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్లుకు 450 ఆర్‌పీఎం, ట్యాప్‌కు 130 చాలు. ఆరపార రంధ్రమైతే చిప్పును ముందుకు తోసే స్పైరల్ పాయింట్ ట్యాప్ వాడండి. నీళ్ల కూలెంట్ కాదు, గంధకం ఉన్న కటింగ్ ఆయిల్ పోయాలి. డ్రిల్లును ఒకేచోట తిప్పుతూ ఆపొద్దు. కోయకుండా రాస్తే మొన చచ్చిపోతుంది.

ప్రశ్న: ఈ ఉక్కు టర్నింగ్‌కు కార్బైడ్ ఇన్సర్ట్‌తో ఎంత వేగం పెట్టాలి? (కాకినాడ)

జవాబు: కోటింగ్ ఉన్న పీ25 గ్రేడుకు (ఉక్కు కోతకు వాడే కార్బైడ్ రకం) నిమిషానికి 110 మీటర్లతో మొదలుపెట్టండి. 50 మి.మీ. కడ్డీకి అది 700 ఆర్‌పీఎం. రఫింగ్‌లో ఫీడ్ ఒక చుట్టుకు 0.25 మి.మీ., లోతు 2 మి.మీ. ఇన్సర్ట్ త్వరగా అరిగితే ముందు వేగం తగ్గించండి, ఫీడ్ జోలికి పోవద్దు. ఫీడ్ తగ్గిస్తే చిప్పు తెగక దారంలా చుట్టుకుంటుంది.

ప్రశ్న: అరిగిన బేరింగ్ సీటును వెల్డింగ్‌తో నింపవచ్చా?

జవాబు: తిరిగే షాఫ్టుకు వద్దు. వెల్డు పక్కన గట్టిపడిన పొరలో, హైడ్రోజన్ వల్ల గంటల తర్వాత కూడా పగులు రావచ్చు. అరుగుదల తక్కువైతే అక్కడ హార్డ్ క్రోమ్ పూత వేయించి గ్రైండింగ్ చేయించండి. పూతప్పుడు ఉక్కులో చేరే హైడ్రోజన్ బయటికి పోయేలా, పూత అయిన వెంటనే, ఆలస్యం చేయకుండా, 190–220 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు బేకింగ్ చేయమని ప్లేటింగ్ వాళ్లకు ముందే చెప్పండి.